ప్రతిలో పాఠభేదం

తెలుగులో 'ప్రతి' అని ఒక చిన్న మాట వుంది. చిన్నదే గాని రెండు ముఖాలు గలది. ప్రతివాది, ప్రతిపక్షం, ప్రతీకారం అన్నప్పుడు అది ఎదురు తిరిగి నిలబడుతుంది. ప్రతిబింబం, ప్రతిధ్వని, ప్రతిమ అన్నప్పుడు అచ్చం అసలుదానిలాగే వుంటానంటుంది. ఇహ మాబోటి పుస్తకాల మనుషులు 'ఆ కావ్యానికి ఎన్ని ప్రతులు దొరికాయండీ?' అని అడిగితే, నకళ్ళు ఎన్ని అని అర్థం.

పదార్థ విజ్ఞానులు చెప్పే ఒక వింత పదార్థానికి మనవాళ్ళు 'ప్రతిపదార్థం' అని పేరు పెట్టారు. ఇంగ్లీషు పేరులో విరోధం ఒక్కటే వుంది, పోలిక లేదు. మన పేరులో రెండూ వున్నాయి. అది పదార్థానికి అచ్చమైన నకలూ, అచ్చమైన శత్రువూ కూడా. బరువు ఒకటే. విద్యుత్తు మాత్రం తారుమారు. మన ఎలక్ట్రాను రుణమైతే దాని ప్రతి ధనం. మన ప్రోటాను ధనమైతే దాని ప్రతి రుణం. రెండూ తారసపడ్డాయా, రెండూ మాయం! మిగిలేది తేజస్సే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా బైరెడ్డిపల్లె వంటి వూళ్ళో కూచున్నవాడికి మరీ ఎందుకనీ అనవచ్చు. కాని ఈ గొడవ మా వంటింట్లోకీ, మా పొరుగుకూ కూడా వచ్చి కూచున్నది గనకనే ఈ వారం దీన్ని ఎత్తుకున్నాను.

ముందు వంటిల్లు. మదనపల్లె మండీకి మా ప్రాంతపు టమాటాలు క్రేట్ల కొద్దీ వెళతాయి. టమాటాలో పొటాసియం వుంటుంది. పొటాసియం పరమాణువుల్లో సుమారు పదివేలకు ఒకటి నిలకడ లేనిది. ఎప్పుడో ఒకప్పుడు రూపు మార్చుకుంటుంది. అలా మారేవాటిలో లక్షకు ఒకటి చొప్పున పాజిట్రానును, అనగా ఎలక్ట్రాను ప్రతిని, బయటకు చిమ్ముతుంది. లెక్క వేసి చూస్తే 25 కిలోల క్రేటులోంచి సుమారు నిమిషానికొక ప్రతికణం పుడుతుంది. పుట్టిన మరుక్షణంలోనే పక్కనున్న ఎలక్ట్రానుతో కలిసి మాయమవుతుంది. ఈ మాట విని ఎవరూ చారు మానుకోనక్కరలేదు. మన ఒంట్లోనూ పొటాసియం వుంది; ఈ పుట్టుకా చావూ మనలోనూ అనుదినం జరుగుతున్నవే.

దీని సంగతి మొదట బయటపడింది కంటికి కాదు, కలానికి. 1928లో కేంబ్రిడ్జిలో డిరాక్ అనే యువకుడు ఎలక్ట్రాను నడకను గురించి ఒక సమీకరణం రాశాడు. బడిపిల్లవాడు వర్గమూలం తీస్తే ధనమూ రుణమూ రెండు జవాబులు వచ్చినట్లు, దానికీ రెండు జవాబులు వచ్చాయి. రెండోదాన్ని కొట్టివెయ్యటానికి ఆయనకు మనసొప్పలేదు. అది ఇంకా ఎవరూ చూడని కొత్త కణమని 1931లో అన్నాడు. మరుసటి ఏడే, 1932లో, అమెరికాలో ఆండర్సన్ ఆకాశం నుంచి రాలే విశ్వకిరణాల ఫోటోలో ఆ కణం నడిచిన జాడ పట్టుకున్నాడు. ప్రోటానుకు ప్రతి దొరకటానికి మరి రెండు దశాబ్దాలు పైన పట్టింది. 1955లో బర్కిలీలో సెగ్రే, చేంబర్లేన్, వారి సహచరులు దాన్ని సృష్టించి చూపించారు.

అక్కడిదాకా బాగానే వుంది. అసలు చిక్కు ఆ తర్వాతనే వచ్చింది.

విశ్వం పుట్టిన తొలిక్షణాల్లో పదార్థమూ ప్రతిపదార్థమూ జంటలు జంటలుగా, సరిసమానంగా పుట్టి వుండాలి. ఇప్పటిదాకా తెలిసిన నియమాలు అలాగే చెబుతున్నాయి. సరిసమానంగా పుడితే సరిసమానంగా నశించాలి. అప్పుడు వెలుగు తప్ప మరేమీ మిగలరాదు. కాని మిగిలింది! నూరు కోట్ల జంటలు మాయమైతే సుమారు ఒక్క కణం చొప్పున పదార్థం అదనంగా మిగిలిపోయిందని ఆకాశాన్ని పరిశీలించేవారు లెక్కకట్టారు. నూరు కోట్లకు ఒకటి! ఆ చిల్లరతోనే నక్షత్రాలూ, తిరుమల కొండా, హార్స్‌లీ హిల్సూ, మీరూ నేనూ తయారైనాం. ఆ చిల్లర ఎక్కడినుంచి వచ్చిందో ఈనాటికీ తేలలేదు.

ఇక్కడ మా వృత్తిలో ఒక పోలిక వుంది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌను దొరగారు కడపలో బంగళా కొని, పండితులను కుదిర్చి, తెలుగు కావ్యాల తాటాకు ప్రతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివించారు. ఎందుకు? రెండు ప్రతులూ ఒకటేనని పైకి అందరికీ తెలుసు. ఎక్కడో ఒకచోట ఒక అక్షరం తేడా వుంటుంది. ఆ తేడాకు పాఠభేదమని పేరు. ఆ ఒక్క అక్షరమే చాలాసార్లు ఆ గ్రంథం చరిత్రను చెబుతుంది. ప్రోటానునూ, దాని ప్రతినీ పక్కపక్కన పెట్టి చదివేవారు చేస్తున్న పనీ సరిగా అదే. ఒక్క అక్షరం తేడా దొరికితే, మనం ఎందుకు మిగిలామో చెప్పే దారి దొరకవచ్చు.

కాని తాటాకును చేత్తో పట్టుకోవచ్చు. ముట్టుకుంటే మాయమయ్యేదాన్ని పట్టుకోవటమెల్లాగ?

దానికి బోను కట్టారు. స్విట్జర్లండులో జెనీవా పక్కన సెర్న్ అనే పరిశోధనాలయం వుంది. అక్కడ ప్రోటానుల ప్రవాహాన్ని ఒక లోహపు దిమ్మకు గుద్దించి, పుట్టిన ప్రతిప్రోటానులను ఏరి, వాటి వేగాన్ని మెల్లమెల్లగా తగ్గించి, ఈ బోనులోకి దింపుతారు. బోను అంటే ఇనుపకడ్డీలు కాదు. బంగారు పూత పూసిన రాగి ఉంగరాల దొంతర. ఉంగరాల మధ్య రంధ్రం ఒక సెంటీమీటరు లోపే. చుట్టూ గట్టి అయస్కాంతం. ఉంగరాలకు ఇచ్చిన విద్యుత్తు కణాన్ని పైకీ కిందికీ పోనీయదు. అయస్కాంతం దాన్ని పక్కకు పోనీయక గుండ్రంగా తిప్పుతుంది. లోపల గాలి అన్నది దాదాపు లేనేలేదు. అందుచేత కణం దేన్నీ తగలకుండా నెలల తరబడి బతుకుతుంది. 'బేస్' అనే బృందంవారు కొన్ని ప్రతిప్రోటానులను 405 రోజులు అలా నిలిపి వుంచారు.

ఒకే ఒక్క కణాన్ని బోనులో పెట్టే విద్య డెమెల్ట్ అనే ఆయనది. అమెరికాలో ఆయనా సహచరులూ 1973లో ఒంటరి ఎలక్ట్రానును పట్టి నిలబెట్టారు. 1984లో ఒక పాజిట్రానును మూడు నెలలు సాకి, ప్రిసిల్లా అని ఆడపిల్ల పేరు కూడా పెట్టుకున్నారు. 1989లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. ప్రతిప్రోటానును 1986లో గేబ్రియల్స్ బృందం సెర్న్‌లో మొదటిసారి బోనులో పెట్టింది.

సరే, బోనులో పెట్టారు. తూకం వేసేదెల్లాగ? వెలుతురు వేసి చూడటానికి ఆ ఒంటరి ప్రతిప్రోటాను మెరిసేది కాదు. తాకితే పోతుంది. మిగిలిన ఉపాయం ఒకటే: వినటం.

విద్యుత్తు గల కణం ఉంగరాల మధ్య ఊగుతుంటే, తాకకపోయినా, ఆ ఉంగరాల్లో చిరు విద్యుత్తు అటూ ఇటూ కదులుతుంది. ఎంత చిరు అంటే ఒక ఆంపియరులో కోటి కోట్లవ వంతుకు అటూ ఇటూ. మన ఇంట్లో బల్బు తీగెలో పారే విద్యుత్తు ముందు అది సముద్రం పక్కన మంచుబొట్టు కూడా కాదు. దీన్ని వినటానికి ఉంగరాలకు ఒక తీగచుట్టను కలుపుతారు. పాత రేడియోలో ముల్లు తిప్పి స్టేషను పట్టినట్లు, ఆ చుట్టను కణం ఊగే లయకు సరిగా శ్రుతి చేస్తారు.

ఇక్కడే అతివాహకం పని. మంచి గుడిగంటను ఒకసారి కొడితే చాలాసేపు మోగుతుంది. బీట పడ్డ గంటను కొడితే 'టక్కు'మని ఆగిపోతుంది. రాగితీగ చుట్టలో నిరోధం వుంటుంది గనక అది బీటగంట వంటిది. ఆ చిరునాదాన్ని మింగేస్తుంది. నియోబియం, టైటానియం కలిపిన మిశ్రలోహపు తీగను బాగా చల్లబరిస్తే దాని నిరోధం దాదాపు పూర్తిగా పోతుంది. అప్పుడు అది చక్కని కంచు గంట. ఒక్క కణం ఊపు కూడా అందులో కూడుకుని కూడుకుని, పక్కనున్న యంత్రం గుర్తించేటంత ధ్వని అవుతుంది.

అంత చల్లగా వున్నా చుట్టలో కాస్త రొద మిగిలే వుంటుంది. చిత్రమేమంటే ఆ రొదే ఉపకారం చేస్తుంది. నిలకడగా వున్న కణం తన లయకు సరిపోయే రొదను తాను మింగేస్తుంది. యంత్రం గీసే గీతలో సరిగ్గా అక్కడ చిన్న గుంట పడుతుంది. సంతంతా గోలగా వుండగా ఒక్క స్వరం మాత్రం వినబడకపోతే, ఆ స్వరం కలవాడు అక్కడ వున్నాడని తెలుసుకోవటం వంటిదన్నమాట. ఆ గుంట ఎక్కడ పడిందో చూసి కణం ఊపునూ, గుండ్రపు తిరుగుడునూ లెక్కకడతారు. ఆ బోనులో ప్రతిప్రోటాను సెకనుకు దాదాపు మూడు కోట్ల చుట్లు తిరుగుతుంది. బరువెక్కువైతే తిరుగుడు తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది. ఆ తిరుగుడే తూకం.

2017 డిసెంబరు నుంచి 2019 మే దాకా బేస్ బృందంవారు అలా 24 వేల పైచిలుకు సార్లు పోల్చి చూశారు. ఫలితం 2022లో ప్రకటించారు. విద్యుత్తుకూ బరువుకూ వుండే నిష్పత్తిలో ప్రోటానుకూ, దాని ప్రతికీ, లక్ష కోట్లలో 16 భాగాల దాకా ఏ తేడా లేదు! కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా రెండు దారాలు పరిచి పోలిస్తే, వెంట్రుక మందం తేడా అయినా కనబడలేదన్నమాట.

ఆ తీగచుట్టను చల్లబరిచేది ద్రవ హీలియం. అది మరిగేది సున్నాకు దిగువ 269 డిగ్రీల దగ్గర. లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ 1908లో హీలియాన్ని ద్రవంగా మార్చి, దాని చల్లదనంలోనే 1911లో పాదరసానికి నిరోధం మాయమవటం మొదటిసారి చూశాడు. ఇహ ఆ హీలియం కథ మన నేలకు వస్తుంది. 1868 ఆగస్టు 18న మన కోస్తాలో సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల పెద్ద పాగ్సన్ మచిలీపట్నంలో మకాం పెట్టాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని విడదీసి చూసినవారికి ఒక పసుపుపచ్చ గీత కనబడింది. అది భూమిమీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత ఇంగ్లండులో లాక్యర్ తేల్చాడు. సూర్యుని గ్రీకు పేరు మీదుగా హీలియం అన్నారు. భూమిమీద అది రామ్సేకు దొరికింది 1895లో. గుంటూరు ఎండలో తల ఎత్తి చూసిన ఒక గీత, కణాలను వినే చెవికి చలువ అయింది!

పొరుగు సంగతి ఇంకా చెప్పలేదు.

మా వూరి నుంచి వి.కోట, బేతమంగళం మీదుగా సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు వస్తాయి. మా తాలూకాల నుంచి తరతరాలుగా తెలుగువారు ఆ గనుల్లోకి దిగి పనిచేశారు. అక్కడ మరొక పంట కూడా తీశారని చాలామందికి తెలియదు. బొంబాయి టాటా పరిశోధన సంస్థ తరఫున శ్రీకంఠన్ గారు 1951లో విశ్వకిరణాలను లెక్కపెట్టే పరికరాలు పట్టుకుని ఆ గనిలోకి దిగారు. పైనున్న బండ విశ్వకిరణాలను అడ్డుకుంటుంది గనక, లోతుకు పోయినకొద్దీ ప్రకృతి నిశ్శబ్దమవుతుంది. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, మన దేశంవారూ జపానువారూ బ్రిటనువారూ కలిసి, విశ్వకిరణాల వల్ల గాలిలో పుట్టే న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందానికి కూడా ఆ ఏడే ఆ జాడ దొరికింది. ప్రపంచంలో అటువంటివి అవే మొదలు.

1980లో అదే గనిలో 140 టన్నుల యంత్రం కట్టారు. ఇనుపరేకుల నడుమ 34 వరసల్లో గొట్టాలు. ఈసారి వెతికింది ప్రోటాను చావును. దానికీ మన చిల్లర లెక్కకూ సంబంధం వుంది. పదార్థం అదనంగా మిగలాలంటే ప్రోటాను వంటి కణాల మొత్తం సంఖ్య ఎక్కడో తప్పాలని 1967లో రష్యాలో సఖరోవ్ చెప్పాడు. పుట్టుకలో లెక్క తప్పితే, చావులోనూ తప్పవచ్చు. జెనీవా బోనులో ఒక్క ప్రతిప్రోటానును వినేవారూ, కోలారు చీకట్లో టన్నుల ఇనుము ముందు కూచున్నవారూ చదువుతున్నది ఒకే గ్రంథం.

కోలారు యంత్రంలో ప్రోటాను చావులా కనిపించిన ఘటనలు కొన్ని నమోదైనాయి. కాని ఇతర దేశాల్లోని ఇంకా పెద్ద యంత్రాలు అది చావేనని ఒప్పలేదు. జపానువారి లెక్క ప్రకారం ప్రోటాను ఆయుర్దాయం 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలకు పైమాటే. పరిశోధన 1990 దశకం మొదట్లో ముగిసింది. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. వేలమంది ఇళ్ళకు వచ్చేశారు.

అలా వచ్చినవారిలో ఒకాయన మా వూళ్ళో వున్నారు. వయస్సు డెబ్భై దాటింది. ఆ యంత్రానికి ఇనుపరేకులు దించినవారిలో తానూ వున్నానని చెబుతారు. ఈమధ్య ఒకనాటి సాయంత్రం నాతో అన్నారు:

"సార్, బంగారు రాయి పైకొస్తే తూకమేసి లెక్క రాస్తారు. ఆ సైంటిస్టు సార్లు అన్నేండ్లు కూచునీ ఏం తీసకపోలేదంట గదా. మేం మోసిన ఇనుము దండగేనా?"

"దండగ కాదు మామా. ప్రోటాను అంత తొందరగా చచ్చేది కాదని తేలింది గదా. అది తెలియకముందు పెద్దపెద్దవాళ్ళు వేసిన లెక్కలు చాలా కొట్టివేయవలసి వచ్చింది. బావిలో నీళ్ళు ఫలానాచోట పడవని తెలియటం కూడా తెలివే."

ఆయన కాసేపు ఆలోచించి అసలు సంగతి బయటపెట్టారు. "మా మనవరాలు ఇంటరు అయిపోతానే ఫిజిక్సు చదువుతానంటాంది. వాళ్ళ నాయన కంప్యూటరే చదవాలంటాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. ఆ చదువు అన్నం పెడతాదా సార్?"

ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో వున్నదే. ఎం.ఎ. తెలుగు చదివినవాడికి మరీ బాగా పరిచయమైనదే. నాకు తోచింది దాపరికం లేకుండా చెప్పాను. మొదటి నెల జీతం సంగతి అడిగితే కంప్యూటరు చదువుకే ఓటు. ఫిజిక్సులో ఏళ్ళు పడతాయి, ఉద్యోగాలు తక్కువ, దూరాభారాలు ఎక్కువ. ఇది తెలిసే దిగాలి.

కాని పనికిరాని చదువని మాత్రం అనవద్దన్నాను. మావాళ్ళకు పెద్ద జబ్బు చేస్తే వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రికి పోతారు. అక్కడ 'పెట్' స్కానింగు అంటారు. పాజిట్రానులు చిమ్మే ఫ్లోరిన్ కలిపిన చక్కెర వంటి మందును రోగికి ఎక్కిస్తారు. పుండు ఎక్కడ పెరుగుతున్నదో మందు అక్కడ పేరుకుంటుంది. పాజిట్రాను మాయమైనప్పుడు వచ్చే కిరణాలు ఆ చోటును చూపిస్తాయి. డిరాక్ కొట్టివేయని ఆ రెండో జవాబే అది. ఎం.ఆర్.ఐ. యంత్రంలో రోగిని పడుకోబెడతారే, ఆ గొట్టం చుట్టూ సాధారణంగా వుండేది ఇదే నియోబియం టైటానియం తీగ, దాన్ని చల్లబరిచేది ఇదే హీలియం. వీటిని మొదట వెతికినవారు ఆస్పత్రులను తలచుకుని వెతకలేదు. తలచుకుని వుంటే ఇవి దొరికేవనీ చెప్పలేం.

మర్నాడు ఆ అమ్మాయే వచ్చి సూటిగా అడిగింది: "ఇన్నిసార్లు పోల్చినా తేడా దొరకలేదు గదా సార్, ఇంక ఏం చేస్తారు?"

"ఇంకొక అంకె ముందుకు పోతారమ్మా" అన్నాను. పోతున్నారు కూడా. ప్రతిప్రోటానులను తయారుచేసే ఆ శాలలోనే యంత్రాల వల్ల అయస్కాంత కలవరం వుంటుంది. అది తూకాన్ని చెదరగొడుతుంది. అందుకని బోనును లారీ ఎక్కించి నిశ్శబ్దమైన చోటికి తీసుకుపోయే ఉపాయం పన్నారు. 2024 అక్టోబరులో ముందు పరీక్షగా 70 మామూలు ప్రోటానులను బోనులో పెట్టి, సెర్న్ ఆవరణలో లారీమీద తిప్పి, ఒక్కటీ పోకుండా దించారు. 2025 జూలైలో ఒక ఒంటరి ప్రతిప్రోటాను తన ఆత్మభ్రమణాన్ని 50 సెకన్లపాటు లయ తప్పకుండా నిలుపుకోవటం చూశామని ప్రకటించారు. లయ ఎంత నిలిస్తే తూకం అంత సూక్ష్మం.

ఆ అమ్మాయి ఇంట్లో పంచాయితీ ఇంకా తెగలేదు. రెండు చదువులకూ దరఖాస్తు చెయ్యమని తండ్రి ఒప్పుకున్నంతవరకు వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, ఆడపిల్ల ఇష్టపడి అడిగిన చదువుకు ఇంట్లో కనీసం ఒక్క ఓటు పడాలి. తాతగారి ఓటు ఎటో నాకు తెలిసింది. జెనీవా సంగతులన్నీ విని ఆయన ఇలా అన్నారు:

"మా గనిలో షిఫ్టు అయినాక టోకెన్లు లెక్కేసేవోళ్ళు సార్. దిగినోళ్ళు ఎందరో, ఎక్కినోళ్ళు అందరుండాల. ఒకటి తగ్గినా ఎక్కువైనా గేటు దగ్గర ఎవురూ ఇంటికి పోకూడదు. ఈళ్ళదీ అదే పని గదా. లెక్క కుదిరేదాకా కూచోవాల్సిందే."